పాకం గిన్నెలో నీళ్ళు

నాకు ఓపిక తక్కువ. ఈ మాట మొదట మా అమ్మ అంది, తర్వాత మా అత్త అంది, ఇప్పుడు మనవరాళ్ళు అంటున్నారు. కాదని నేను ఎప్పుడూ వాదించలేదు, వాదించడానికి కూడా ఓపిక ఉండాలి కదా. కానీ ఆ ఓపికలేనితనమే ఒక ఎండాకాలం ఆదోనిలో మా అత్తను ఒక పెద్ద దిగులు నుంచి బయటపడేసింది. అది ఎవరికి చెప్పినా సగం వినేసరికి నవ్వుతారు. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు అది. నాకు పెళ్ళయి అప్పటికి నాలుగు నెలలు. మా పుట్టినిల్లు నందవరం అవతల, తుంగభద్ర ఒడ్డున. అక్కడ నీళ్ళను ఎవరూ లెక్కపెట్టరు. చెంబులో కాసిని మిగిలితే పారబోసి కొత్తవి ముంచుకోవడమే మాకు తెలుసు. ఆదోనిలో ధాన్యం వ్యాపారం చేసే ఇంటికి కోడలిగా వచ్చిన రెండో రోజే నా గుట్టు బయటపడింది. తాగగా మిగిలిన నీళ్ళు వాకిట్లోకి విసిరేశాను. అత్త కేకలేమీ వేయలేదు. నేల మీద ఆ తడి ఆరిపోయేదాకా నిలబడి చూసి, లోపలికి వెళ్ళిపోయింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదని నాకు అనిపించింది.

ఆ ఇంట్లో ఏ నీళ్ళూ ఒక్కసారి వాడి వదిలేవి కావు. బియ్యం కడిగినవి ఎనుముకు, ముఖం కడిగినవి కరివేపాకు చెట్టుకు. స్నానానికి మనిషికి ఒక చిన్న బిందె, అంతే. పొద్దున కావిడి మనిషి వచ్చి పోసి పోయాక అత్త ఎవరి బిందె వాళ్ళకు వరుసగా పెట్టేది. నా జుట్టు నడుము దిగి ఉండేది. ఆ చిన్న బిందెతో తలంటుకుంటే సీకాయ సగం నెత్తిమీదే ఉండిపోయేది. ఎండాకాలం వచ్చేసరికి మా ఏరు గుర్తొచ్చి ఏడుపొచ్చేది. ఒకసారి నిజంగానే ఏడ్చాను కూడా. కన్నీళ్ళు కూడా కరివేపాకు చెట్టుకు పోయాలేమో అని మా ఆయన ఎగతాళి చేశాడు.

అత్త మనిషి సన్నం, మాట ఇంకా సన్నం. కానీ ఆ వీధిలో ఆమె పేరు చెబితే పాకమే గుర్తొచ్చేది. చలికాలంలో అరిసెలు వండే ఇల్లు ఏదైనా సరే, పాకం చూడ్డానికి ఆమెను పిలుచుకుపోవాల్సిందే. మరుగుతున్న బెల్లంలోంచి గరిటెతో ఒక బొట్టు తీసి నీళ్ళగిన్నెలో వేసేది. వేలితో దగ్గరికి లాగేది. బొట్టు వేలి కింద మెత్తటి ఉండగా చేరితే ఒకటే మాట, దించమని. ఆ మాటకు తిరుగు లేదు. అంతమంది ఆడవాళ్ళు ఆమె వేలి వైపే చూస్తూ నిలబడేవారట.

ఇవన్నీ నేను విన్నవే. నేను కాపురానికి వచ్చేనాటికి ఆమె పాకం ముట్టడం మానేసింది. వేళ్ళు నొప్పులంటూ ఆ చలికాలం అందరినీ వెనక్కి పంపిందట. అసలు కారణం మా ఆయన చెప్పాడు, అదీ చాలా గుచ్చి గుచ్చి అడిగితే.

మా ఆడబిడ్డను ఎమ్మిగనూరులో ఇచ్చారు. అంతకు ముందు ఏడు ఆమెకు మొదటి కడుపు. ఏడో నెలలో అత్త చలిమిడి చేసి పట్టుకెళ్ళింది. తడి బియ్యప్పిండిని బెల్లం పాకంలో కలిపి చేసే ముద్ద అది. పుట్టింటి వాళ్ళు తెచ్చి కూతురి ఒడిలో పెడతారు. అది మెత్తగా, చల్లగా ఉండాలి, కూతురి కడుపు కూడా అట్లాగే చల్లగా ఉండాలని. ఆ రోజు ఒడిలో పెట్టి గుడ్డ విప్పితే చలిమిడి రాయిలా ఉంది. వేలు కాదు కదా, చెంచా కూడా దిగలేదు. చివరికి రోకలి తెచ్చి పగలగొట్టారట. అక్కడి ఆడవాళ్ళు సరదాగా ఏదో అన్నారు, అందరూ నవ్వారు. పది రోజుల తర్వాత ఆ కడుపు పోయింది.

అత్తను ఎవరూ ఒక్క మాట అనలేదు. అనాల్సినవన్నీ ఆమే తనను అనుకుంది.

ఇప్పుడు ఆడబిడ్డకు మళ్ళీ ఏడో నెల. వైశాఖంలోనే మంచిరోజు కుదిరింది. ముందురోజు పొద్దున అత్త నన్ను వంటింట్లోకి పిలిచింది. నానిన బియ్యం, బెల్లం అచ్చులు, నెయ్యి, ఏలక్కాయలు, కొబ్బరి ముక్కలు, గసగసాలు అన్నీ నా ముందు పెట్టింది. తను మాత్రం గడపకు అవతల నిలబడింది.

"నా చెయ్యి వద్దు పాపా. నువ్వే చెయ్యి" అంది.

నాకు భయం వేయాల్సింది. వేయలేదు. నాలుగు నెలల్లో ఆమె నాకు ఒక పని నమ్మి అప్పగించడం అదే మొదలు. నా కాళ్ళు నేల మీద నిలవలేదు. బియ్యం వడగట్టి, రోట్లో పోసి, చెమటలు కారుతుండగా దంచాను. జల్లించాను. పిండి ఎక్కువే అయిందనిపించి సగం తీసి తడిగుడ్డ కింద కప్పి పెట్టాను. మిగిలితే మరునాడు చూసుకోవచ్చనుకున్నాను. అది నా తెలివి అని చెప్పుకోవాలని ఉంది గానీ, వేరే పెద్ద గిన్నె కనపడకపోవడమే కారణం.

పొయ్యిలోకి పత్తికట్టె. ఆదోనిలో దానికి కొదవ లేదు. భగ్గున అంటుకుంటుంది, లాగేస్తే టక్కున చల్లారుతుంది. పాకానికి అంతకంటే మంచి మంట లేదని అత్త గడప అవతల నుంచే చెప్పింది. పొయ్యి గట్టు మీద ఎప్పుడూ పెట్టే ఇత్తడి గిన్నె ఉంది, గుక్కెడు నీళ్ళు పట్టేది. పాకం చూసే గిన్నె అదే. మొదటి బొట్టు నుంచి చివరి బొట్టు దాకా అందులోని నీళ్ళు మార్చరు. అంతా అయ్యాక, చల్లారాక, తియ్యగా మారిన ఆ నీళ్ళను పాకం చూసినవాళ్ళు తాగేస్తారు. అటు నీళ్ళూ పోవు, ఇటు బెల్లమూ పోదు. ఆ ఇంటి పద్ధతి అది, ఆ వీధి మొత్తానికీ అదే పద్ధతి.

బెల్లం కరిగింది, పొంగింది, మరిగింది. మొదట్లో నీళ్ళ మాదిరే పెద్ద పెద్ద బుడగలతో గోల గోలగా. తర్వాత తర్వాత బుడగలు చిన్నవయ్యాయి, ఆవిరి తగ్గింది, గరిటె బరువెక్కింది. ఒక బొట్టు గిన్నెలో వేశాను. నీళ్ళలో విచ్చుకుపోయింది. కాసేపాగి ఇంకొకటి. అదీ అంతే. అత్త ముఖం గోడ వైపు తిప్పుకుని కూర్చుని ఉంది, వచ్చిందా అని మాత్రం అడుగుతోంది. ఇంకా రాలేదంటున్నాను. మూడు, నాలుగు, అయిదు. ఎనిమిదోసారికి బొట్టు వేలి కింద మెత్తగా ఉండ కట్టింది. గెలిచానని దించి, పిండి పోశాను.

పిండి పడిందో లేదో పాకం దాన్ని పట్టి బిగించేసింది. గరిటె నిలువుగా నిలబడిపోయింది. రెండు చేతులతో తిప్పబోతే గిన్నె మొత్తం గరిటెతో పాటు లేచి వచ్చింది. కాసేపటికి చలిమిడి మీద వేలితో కొడితే టక్ మని మోగింది.

అత్త లేచి వచ్చింది. వంగి బొటనవేలితో నొక్కి చూసింది. ఆ ముఖం నేను ఇప్పటికీ మరిచిపోలేదు. అందులో నామీద కోపం లేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

"నా చెయ్యి కాదన్నమాట. ఈ ఇల్లే అట్లాంటిది" అంది.

చలిమిడి లేకుండానే వెళతామని, ఒడిలో పళ్ళు పెట్టి వస్తామని చెప్పి వెళ్ళి పెరటి గోడ నీడలో కూర్చుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. బెల్లం మీద, పొయ్యి మీద, ఆదోని ఎండ మీద, అన్నిటి మీదా మంట. గొంతు ఎండిపోయి ఉంది. గట్టు మీది గిన్నె తీసి ఆ తియ్యనీళ్ళు కాసిని గటుక్కున నోట్లో పోసుకున్నాను. చల్లారాక తాగాలన్నది ఎవరికి గుర్తు?

నాలుక చుర్రుమంది. కాఫీ అంత వేడి.

గిన్నె మళ్ళీ గట్టు మీద పెట్టేసి, నోరు తెరుచుకుని నిలబడ్డాను. తర్వాత నవ్వు వచ్చింది. ఎందుకు నవ్వుతున్నానో నాకే అర్థం కావడానికి ఇంకో క్షణం పట్టింది. మా ఊళ్ళో అమ్మ బొట్టు వేసిన ప్రతిసారీ ఆ నీళ్ళు పెరట్లోకి విసిరి కొత్తవి పోసేది. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు, పక్కనే ఏరుంటే అదేం పెద్ద విషయం? ఇక్కడ గుక్కెడు నీళ్ళలో ఎనిమిది సార్లు కాలే పాకం పోశాం. పైగా ఆ గిన్నె మంట పక్కనే ఉంది, బయట రాళ్ళు పగిలే ఎండ. ఆ నీళ్ళలో పాకం గట్టిపడేది ఎట్లా? లేతపాకం విచ్చుకుపోతుంది. బాగా ముదిరిన పాకం మాత్రమే, అదీ మెత్తబడి, ఉండ కడుతుంది. మనమేమో సరిగ్గా వచ్చిందనుకుంటాం. చలికాలంలో అయితే నీళ్ళు మంచులా మొదలవుతాయి, ఎన్ని బొట్లు పడినా చల్లగానే ఉంటాయి. అత్త చేతికి అంత పేరు వచ్చింది చలికాలపు అరిసెలతోనే. ఎండాకాలంలో ఆ ఇంట్లో పాకం పెట్టింది రెండే సార్లు, పోయినేడు ఆమె, ఈ ఏడు నేను.

పాకం దొంగది. నీళ్ళు ఎంత మరిగినా ఒక మేరకే కాగుతాయి. పాకంలో నీరు తగ్గేకొద్దీ వేడి పెరుగుతూనే పోతుంది, పైకి మాత్రం బుడగలు నెమ్మదించి అలిసిపోయినట్టు కనపడుతుంది. చిక్కబడ్డాక నిమిషంలో ముదిరిపోతుంది. కాలేజీలో చదివిన మా అమ్మాయి చాలా ఏళ్ళకు ఇదంతా నాకు పెద్ద పెద్ద మాటల్లో విప్పి చెప్పింది. మొదటిసారి వింటున్నట్టు ముఖం పెట్టి విన్నాను. నా నాలుకకు అది ఎప్పుడో తెలుసు.

పెరట్లోకి పరిగెత్తాను. అత్త చెయ్యి పట్టుకుని లేపాను. అత్తను తాకి లాగడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. నీళ్ళు వేడెక్కాయని, తప్పంతా నీళ్ళదని ఊపిరాడకుండా చెప్పాను. ఆమెకు నా మతి పోయిందనిపించి ఉంటుంది.

"నీళ్ళకేమొచ్చిందే? నీళ్ళు నీళ్ళే గదా" అంది.

మాటలతో పని కాదని తెలిసింది. చిన్న గరిటెలో కాస్త బెల్లం వేసి మంట మీద పెట్టాను. ఇత్తడి గిన్నెలో మిగిలిన వేడినీళ్ళు అట్లాగే ఉంచాను. తాగే నీళ్ళ మట్టికుండలోంచి ఇంకో గిన్నెలో ముంచాను. పాకం కాస్త చిక్కబడగానే ఒక బొట్టు ఇందులో, ఒక బొట్టు అందులో వేశాను. ఒకే గరిటె, ఒకే పాకం. వేడినీళ్ళలో బొట్టు పసుపునీళ్ళలా విచ్చుకుపోయింది. చల్లనీళ్ళలో చేరి కూర్చుంది, వేలితో తాకితే మెత్తటి గోలీ.

అత్త గోలీని తీసింది, నలిపింది, మళ్ళీ నీళ్ళలో వేసింది, మళ్ళీ తీసింది.

"అయితే పోయినేడు..." అని ఆగిపోయింది.

పోయినేడు కూడా నీళ్ళేనని అన్నాను. మీ చెయ్యి కాదని అన్నాను. ఆ మాట రెండుసార్లు అనిపించుకుంది.

తడిగుడ్డ కింద పిండి సగం ఉంది. మధ్యాహ్నం దాటింది, గుడ్డ అంచులు ఎండుతున్నాయి. మళ్ళీ బియ్యం నానబెట్టడానికి ఒక రాత్రి పడుతుంది, పొద్దున్నే బస్సు. ఉన్నది ఒకే ఒక్క వాయి. ఈసారి మీరే పాకం చూడాలని పట్టుబట్టాను. ఆమె వద్దంది. నేను గరిటె కింద పెట్టి, చేతులు కట్టుకుని గోడకానుకున్నాను. కోడలు చేయదగిన పని కాదది, తెలిసే చేశాను. ఇక నీళ్ళ మాట వచ్చింది. బొట్టు బొట్టుకూ నీళ్ళు మారిస్తే కుండ ఖాళీ అవుతుంది, సాయంత్రం అందరూ ఏం తాగాలి? మరునాటి స్నానానికి తీసిపెట్టిన నా బిందె కుండలో పోసేయమన్నాను. తలస్నానం లేకుండా ఒడి నింపడానికి వస్తావా అని ఆమె నివ్వెరపోయింది. ఎమ్మిగనూరులో ఆడబిడ్డ ఇంట్లో బావి ఉందిగా, పోగానే పోసుకుంటానన్నాను. ఆమె పొయ్యి ముందు కూర్చుంది.

ఇక చూడాలి. పత్తికట్టె భగభగమంటోంది. బెల్లం పొంగుతోంది. అత్త బొట్టు వేస్తుంది, చూస్తుంది, గిన్నె నాకు అందిస్తుంది. నేను కుండ దగ్గరికి పరుగు, కొత్తనీళ్ళతో వెనక్కి పరుగు. మొదటిసారి ఆ పాతనీళ్ళు ఎక్కడ పోయాలో తెలియక గిన్నె పట్టుకుని దిక్కులు చూశాను. పారబొయ్యమని ఆమే చెప్పింది. ఆ నోట ఆ మాట విని నేను గిన్నె జారవిడిచినంత పని చేశాను. రెండో బొట్టు విచ్చుకుంది. మూడోది సాగింది. ఆమె కట్టె వెనక్కి లాగింది, మంట సగానికి పడిపోయింది. బుడగలు చిన్నవై, మెరుస్తూ, టప్ టప్ మంటున్నాయి. ఒక చుక్క ఎగిరి నా మణికట్టు మీద పడి అతుక్కుంది. మచ్చ ఇప్పటికీ ఉంది, అప్పుడు మాత్రం నొప్పి తెలియలేదు. నాలుగో బొట్టు. ఆమె వేలు ముంచింది. నీళ్ళలో బొట్టును దగ్గరికి లాగింది. చేరింది.

పొద్దుటి పాకం ఎనిమిది బొట్ల దాకా పోయింది. ఇది నాలుగుకే. ఇంకొక్కసారి చూద్దామా అని నాకే సందేహం వచ్చింది. అత్త నా వైపు చూడలేదు.

"దించు" అంది.

దించాను. పిండి పోస్తూ ఉంటే ఆమె తిప్పింది. గరిటె గుండ్రంగా, తేలిగ్గా తిరిగింది. నెయ్యి, కొబ్బరి, ఏలకుల పొడి పడ్డాయి. వంటిల్లంతా వాసన. నేను చప్పట్లు కొట్టాను. పక్కింటావిడ గోడ మీదుగా తొంగిచూసి ఏమైందని అడిగింది. చలిమిడి అయిందని అరిచి చెప్పాను.

పొద్దున్నే ఎమ్మిగనూరు బస్సు. ఇత్తడి డబ్బా అత్త ఒళ్ళో ఉంది. రాత్రంతా ఉన్నా నడుమ ఇంకా గోరువెచ్చగానే ఉంది, అంత చిక్కటి ముద్ద వేడిని తొందరగా వదలదు. వేడి దిగాక గట్టిపడుతుందేమోనని ఆమె భయం. బస్సు ఆగిన ప్రతిచోటా మూత తీసి వేలు గుచ్చి చూసేది. ఇట్లా గుచ్చుతూ పోతే ఊరు చేరేసరికి అన్నీ బొక్కలే మిగులుతాయని నేనన్నాను. ఆమె నవ్వింది. ఆమె పళ్ళ వరుస అంత బాగుంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఆడబిడ్డ ఇంటి వీధి పొడవునా సాలెవాళ్ళు నూలు బారులు చాచి గంజి పెడుతున్నారు. వాటి పక్కనుంచి ఒదిగి ఒదిగి నడిచాం. నేను బావి దగ్గర నాలుగు చేదల నీళ్ళు పోసుకుని వచ్చేసరికి పీట వేసి ఉంది. ఆడబిడ్డ ముఖం పాలిపోయి ఉంది. డబ్బా చూడగానే ఆమె చేతులు కడుపు మీదికి వెళ్ళాయి. అమ్మను నొప్పించలేక కూర్చుంది గానీ ఆ పిల్లకు ఆ చలిమిడి అంటే భయమని కళ్ళున్న ఎవరికైనా తెలుస్తుంది. పోయినేడు నవ్విన ఆడవాళ్ళంతా ఉన్నారు. ఈసారి అందరి కళ్ళూ డబ్బా మీదే. అత్త ముద్దను గుడ్డలో పెట్టి ఒడిలో ఉంచింది. గుడ్డ విప్పే ధైర్యం మాత్రం ఆమెకు లేదు, చేయి వెనక్కి తీసుకుంది. ఆడబిడ్డే విప్పింది. చూపుడువేలు మెల్లగా ఆనించింది. వేలు కణుపు దాకా దిగిపోయింది.

"మెత్తగుండాది మా" అంది ఆ పిల్ల.

"ఈ తూరి నీళ్ళు మార్చినాం" అంది అత్త. అని కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

అక్కడెవరికీ ఆ మాట అర్థం కాలేదు. నాకు అర్థమై, అందరికంటే గట్టిగా ఏడ్చింది నేనే. ఆడబిడ్డ ఆ వేలు నోట్లో పెట్టుకుంది, ఇంకోసారి గుచ్చింది, తర్వాత పిడికిలితోనే తీసుకుని తినడం మొదలుపెట్టింది. అందరికీ పంచాలి కాస్త ఆపమని వాళ్ళత్త అనాల్సి వచ్చింది.

శ్రావణంలో ఆమెకు కూతురు పుట్టింది, గట్టి గొంతుతో. అది చలిమిడి చలవేనని అత్త, చలిమిడికీ కడుపుకీ సంబంధం లేదని నేను. పోయిన బిడ్డకూ ఏ సంబంధమూ లేదని ఆమె చేత ఒప్పించాలనే నా వాదమంతా. పూర్తిగా ఒప్పుకోలేదు. కానీ ఆ చలికాలం వీధిలో ఆడవాళ్ళు వచ్చి పిలిస్తే వేళ్ళ నొప్పులని చెప్పలేదు, వెళ్ళింది. పొయ్యి గట్టు మీది గిన్నె తీసి దూరంగా పెట్టించి, చలికాలమైనా సరే, బొట్టు బొట్టుకూ నీళ్ళు మార్పించింది. ఇదేం వింత అని వాళ్ళడిగితే మా కోడలి ఊరి పద్ధతి అని చెప్పిందట.

అసలు చెప్పాల్సింది మాత్రం ఎమ్మిగనూరు నుంచి వచ్చిన మరుసటి పొద్దున సంగతి. కావిడి మనిషి వచ్చి పోయాడు. స్నానానికి వెళితే నా చోట రెండు బిందెలు ఉన్నాయి. పొరపాటున పెట్టారేమోనని అడగడానికి బయటికి వచ్చాను. అత్త పెరట్లో తడిగుడ్డతో చేతులూ మెడా తుడుచుకుంటోంది. ఆమె బిందె ఉండే చోటు ఖాళీగా ఉంది.

నా వైపు తిరగకుండానే అంది, "తల మీద బాగా పోసుకో పాపా. సీకాయంతా పోవాల."

ఆదోనిలో నేను తలారా స్నానం చేసింది ఆ రోజే. ఒక్క చుక్క కూడా మిగల్చలేదు.